ఊక బాయిలర్ ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ: బిల్లు తగ్గలేదు, ట్రిప్ ఆగలేదు, బేరింగ్ పోయింది

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. ఊకతో మండే బాయిలర్, దాని పొగను లాగి చిమ్నీకి పంపే ఐడీ ఫ్యాన్, ఆ ఫ్యాన్‌ను తిప్పే 45 కిలోవాట్ల మోటార్. నేను వెళ్లేనాటికి పాత స్టార్-డెల్టా స్టార్టర్ (మోటార్‌ను తక్కువ కరెంటుతో మొదలుపెట్టే స్విచ్) తీసేసి వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్, పెట్టి ఒక సీజన్ గడిచింది. యజమాని ఫిర్యాదులు మూడు. కరెంటు బిల్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఫ్యాన్ ఆపినప్పుడల్లా, ఒక్కోసారి స్పీడ్ తగ్గించినా కూడా, డ్రైవ్ 'ఓవర్ వోల్టేజ్' అని చూపించి ట్రిప్ అవుతోంది. ఈమధ్య మోటార్ వెనక బేరింగ్ నుంచి రొద మొదలైంది. డ్రైవ్ కంపెనీ మంచిది కాదేమో, మార్చేద్దామా అని ఆయన అడిగారు.

మార్చాల్సిన పని లేదని అక్కడ ఒక పూట గడిపితే తెలిసిపోయింది. డ్రైవ్ పెట్టె బాగానే ఉంది. దాన్ని ఏ లోడ్ మీద పెడుతున్నాం, ఆ లోడ్ స్వభావం ఏమిటి అన్నది ఎవరూ చూడలేదు. గోడకు బిగించిన పెట్టెనే డ్రైవ్ అనుకోవడం మామూలే. కానీ సప్లై, కన్వర్టర్, కేబుల్, మోటార్, లోడ్, చివరికి దాన్ని నడిపే మనిషి, ఇవన్నీ కలిస్తేనే అది డ్రైవ్ సిస్టమ్. తప్పులు ఎక్కువగా ఈ భాగాలు ఒకదానితో ఒకటి కలిసే చోట దొరుకుతాయి. అందుకే నేను ఎప్పుడూ లోడ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తాను. ఈ కేసులోనూ అలాగే చేశాను.

ముందు ఫ్యాన్ గురించి

యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే ఎండలకు గింజ పగిలి నూక ఎక్కువ వస్తుంది. కాబట్టి ఈ ప్రాంతపు మిల్లుల్లో ఎక్కువ భాగం నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. సీజన్‌లో బాయిలర్ రోజుకు 20 గంటలు నడుస్తుంది. అది మధ్యలో ఆగిపోతే నానిన వడ్లు తొట్లలోనే ఉండి వాసన పడతాయి, బియ్యం రంగు మారుతుంది. ఇక ఐడీ ఫ్యాన్ ఒక్కసారిగా ఆగితే నష్టం బియ్యంతో పోదు. ఫర్నేస్‌లో ప్రెజర్ పాజిటివ్‌లోకి వెళ్లి, ఊక వేసే తలుపు దగ్గర మంట, పొగ బయటికి తన్నుతాయి. అక్కడ ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. అందువల్ల ఈ ఫ్యాన్ ట్రిప్ అవడాన్ని నేను 'చిన్న ఇబ్బంది' లెక్కలో వేయను.

ఫ్యాన్ అనేది ఒక ప్రత్యేకమైన లోడ్. స్పీడ్‌తో పాటు గాలి పరిమాణం అదే నిష్పత్తిలో మారుతుంది. ప్రెజర్ స్పీడ్ వర్గంతో, తీసుకునే పవర్ స్పీడ్ ఘనంతో మారతాయి. స్పీడ్ 80 శాతానికి దిగితే పవర్ 51 శాతానికి, 70 శాతానికి దిగితే 34 శాతానికి పడిపోతుంది. వీఎఫ్‌డీ పెడితే కరెంటు ఆదా అని చెప్పే మాటంతా ఈ ఘనం మీదే నిలబడి ఉంది. ఘనం లేని లోడ్‌లో ఆ ఆదా రాదు. ఆ సంగతి చివర్లో ఎలివేటర్ దగ్గర మళ్లీ వస్తుంది.

మోటార్, ఫ్రీక్వెన్సీ

మూడు ఫేజుల ఇండక్షన్ మోటార్ స్పీడ్‌ను సప్లై ఫ్రీక్వెన్సీ, పోల్స్ సంఖ్య నిర్ణయిస్తాయి. 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్స్‌తో భాగిస్తే స్టేటర్‌లో (మోటార్‌లో కదలని భాగం) తిరిగే అయస్కాంత క్షేత్రం వేగం వస్తుంది. 4 పోల్స్, 50 హెర్ట్జ్ అయితే 1500 ఆర్‌పీఎం. ఈ మోటార్ నేమ్‌ప్లేట్ మీద 1480 అని ఉంది. మధ్యలో ఉన్న 20 ఆర్‌పీఎం తేడాను స్లిప్ అంటాం. ఆ తేడా లేకపోతే రోటర్‌లో (తిరిగే భాగం) కరెంటు పుట్టదు, టార్క్ (తిప్పే బలం) రాదు.

ఫ్రీక్వెన్సీ మారిస్తే స్పీడ్ మారుతుంది. అయితే ఫ్రీక్వెన్సీ ఒక్కటే తగ్గించి వోల్టేజ్ అలాగే ఉంచితే ఐరన్ కోర్ సాచురేట్ అయి, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేక, మోటార్ విపరీతమైన కరెంటు లాగుతుంది. 415 వోల్టులను 50తో భాగిస్తే హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. డ్రైవ్ ఈ నిష్పత్తిని పట్టుకుని నడుస్తుంది. 38 హెర్ట్జ్ దగ్గర మోటార్‌కు అందేది దాదాపు 315 వోల్టులే.

ఈ పని కోసం పెట్టె లోపల మూడు అంచెలు ఉంటాయి. మొదట ఆరు డయోడ్ల రెక్టిఫయర్ మన ఏసీని డీసీగా మారుస్తుంది. లోడ్ మీద ఉన్నప్పుడు అది దాదాపు 560 వోల్టులు. దాన్ని కెపాసిటర్ల బ్యాంకు నిల్వ చేసి నిలకడగా ఉంచుతుంది. దీన్నే డీసీ బస్ అంటారు. చివర్లో ఆరు ఐజీబీటీలు (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) ఆ డీసీని సెకనుకు వేలసార్లు కోస్తూ, మోటార్‌కు కావలసిన ఫ్రీక్వెన్సీ, వోల్టేజ్ ఉండేలా పల్సులుగా పంపుతాయి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. డయోడ్లు కరెంటును ఒకే వైపు పోనిస్తాయి. మోటార్ నుంచి వెనక్కి వచ్చే శక్తికి గ్రిడ్‌లోకి పోయే దారి లేదు. ట్రిప్ కథంతా ఇందులోనే ఉంది.

బిల్లు ఎందుకు తగ్గలేదు

బాయిలర్ దగ్గరికి వెళ్లి చూస్తే డ్రైవ్ 50 హెర్ట్జ్‌లో నడుస్తోంది, ఫ్యాన్ డ్యాంపర్ (గాలి దారిని మూసి తెరిచే పలక) సగానికి మూసి ఉంది. ప్యానెల్ మీటర్‌లో 36 కిలోవాట్లు. స్టార్టర్ రోజుల్లోనూ ఇలాగే నడిపేవారు. అంటే డ్రైవ్ పెట్టాక మారింది స్టార్టింగ్ ఒక్కటే. బాయిలర్ ఆపరేటర్‌ను కారణం అడిగాను.

"డ్యాంపర్ మొత్తం తెరిస్తే మోటార్ లోడ్ ఎక్కుతది సార్. ట్రిప్ అయితది. ఎప్పటి నుంచో ఇట్లనే నడుపుతున్నం."

ఆయన మాటలో పూర్తి నిజం ఉంది, చాలామంది ఇంజనీర్లు పట్టించుకోని నిజం. పొద్దున్నే బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ లాగేది చల్లని గాలి. నడుస్తున్నప్పుడు లాగేది సుమారు 160 డిగ్రీల పొగ. 30 డిగ్రీల గాలి సాంద్రతతో పోలిస్తే ఆ పొగ సాంద్రత దాదాపు 70 శాతమే. ఫ్యాన్ పవర్ సాంద్రతకు అనులోమంగా ఉంటుంది. అందుకే వేడిగా ఉన్నప్పుడు 42 కిలోవాట్లు తీసుకునే ఫ్యాన్, అదే డ్యాంపర్, అదే స్పీడ్‌తో చల్లగా ఉన్నప్పుడు 60 కిలోవాట్లు అడుగుతుంది. 45 కిలోవాట్ల మోటార్ ఓవర్‌లోడ్ మీద ట్రిప్ కాక ఏం చేస్తుంది? స్టార్టర్‌కు స్పీడ్ తగ్గించే వీలు లేదు కాబట్టి ఆపరేటర్లు డ్యాంపర్‌తో కాపాడుకున్నారు. డ్రైవ్ వచ్చాక ఆ అవసరం పోయిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. డ్రైవ్ అమ్మి, బిగించి, కరెంటు ఇచ్చి వెళ్లిపోయారు.

ఆపరేటర్‌ను పక్కన పెట్టుకుని, ఫర్నేస్ డ్రాఫ్ట్ గేజీ చూస్తూ, ఫ్రీక్వెన్సీని మెల్లగా దించుతూ డ్యాంపర్‌ను అంతే మెల్లగా తెరుస్తూ పోయాం. ఫర్నేస్‌లో ఎప్పుడూ కొద్దిగా నెగెటివ్ ఉండాలి. మైనస్ 3 నుంచి మైనస్ 5 మిల్లీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంటే తలుపు దగ్గర పొగ రాదు, అనవసరమైన గాలి చొరబడదు. డ్యాంపర్ పూర్తిగా తెరుచుకునేసరికి అదే డ్రాఫ్ట్ 38 హెర్ట్జ్ దగ్గర నిలిచింది. మీటర్‌లో 19 కిలోవాట్లు. 50 హెర్ట్జ్‌లో సగం మూసిన డ్యాంపర్‌తో 36, ఇక్కడ 19. ఆవిరి ప్రెజర్ తగ్గలేదు.

17 కిలోవాట్ల తేడా. రోజుకు 20 గంటలు అనుకుంటే 340 యూనిట్లు. మీ బిల్లులో ఉన్న యూనిట్ ధరతో గుణించుకోండి, డ్రైవ్ ఖర్చు ఎన్నాళ్లలో తిరిగి వస్తుందో తెలుస్తుంది. ఈ లెక్కలో ఒక జాగ్రత్త అవసరం. ఘనం సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. పొగ దారి నిరోధం అంతా స్పీడ్‌తో తగ్గేదే అయితే సూత్రం బాగా పనిచేస్తుంది. ఎత్తుకు నీళ్లు తోడే పంపులో మాత్రం ఎత్తు మారదు కాబట్టి, ఒక స్పీడ్ దాటి దిగితే నీళ్లే పైకి రావు. ఈ ఫ్యాన్‌కు సూత్రం నప్పింది. డ్యాంపర్ తెరిచి 50 హెర్ట్జ్‌లో కొద్దిసేపు చూసిన 42 కిలోవాట్లకు 38 హెర్ట్జ్ ఘనం వేస్తే 18.4 వస్తుంది. డ్రైవ్ తన నష్టం కింద తీసుకునేది కలిపితే మీటర్ చూపిన సంఖ్యే.

చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టడానికి 28 హెర్ట్జ్ అని ఒక బటన్, నడిచేటప్పుడు 38, ఊక తడిగా ఉండి మంట సరిగా పట్టకపోతే 42. ఈ మూడు బటన్లే పెట్టాను. తిప్పే నాబ్ తీసేశాను. ఎందుకో తర్వాతి విషయంలో తెలుస్తుంది.

ఓవర్ వోల్టేజ్

డ్రైవ్ సెట్టింగుల్లో ఆగే సమయం 10 సెకన్లు అని ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విలువ, ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఫ్యాన్ ఇంపెల్లర్ బరువైనది. దాని జడత్వ భ్రామకం సుమారు 40 కేజీ-చదరపు మీటర్లు. పూర్తి స్పీడ్‌లో అందులో నిల్వ ఉండే గతిశక్తి దాదాపు 480 కిలోజౌళ్లు. 10 సెకన్లలో ఆపమని చెబితే సగటున 48 కిలోవాట్లు బయటికి తీయాలి. మొదటి క్షణంలో అయితే అది 96 దాకా ఉంటుంది. ఆ సమయంలో గాలి నిరోధం తినేది 36. మిగిలినది ఎక్కడికి పోతుంది? స్టాప్ నొక్కగానే డ్రైవ్ ఫ్రీక్వెన్సీని దించేస్తుంది, ఫ్యాన్ మాత్రం ఇంకా వేగంగా తిరుగుతూ ఉంటుంది. రోటర్ క్షేత్రం కంటే ముందుకు పోతుంది. మోటార్ అప్పుడు జనరేటర్. అది పుట్టించిన శక్తి డీసీ బస్‌లోకి వస్తుంది, డయోడ్లు దాన్ని దాటనివ్వవు, కెపాసిటర్ల వోల్టేజ్ 560 నుంచి ఎక్కుతూ 800 దగ్గరికి చేరగానే డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి ట్రిప్ అవుతుంది.

నాబ్‌ను విసురుగా తిప్పి స్పీడ్ తగ్గించినా జరిగేది ఇదే. ఆగేటప్పుడు ట్రిప్ అయితే రీసెట్ నొక్కి సరిపెట్టుకోవచ్చు. మంట మీద ఉన్నప్పుడు ట్రిప్ అయితే తలుపు దగ్గర మనిషికి ప్రమాదం. నాబ్ తీసేయడానికి కారణం అదే.

ఎవరో బ్రేకింగ్ రెసిస్టర్ కొనమని కొటేషన్ కూడా ఇచ్చి ఉన్నారు. లిఫ్ట్‌కో, క్రేన్‌కో, సెంట్రిఫ్యూజ్‌కో అది కావాలి. ఫ్యాన్‌ను అంత తొందరగా ఆపాల్సిన అవసరం ఈ మిల్లులో ఏముంది? ఆగే సమయాన్ని 120 సెకన్లకు పెంచాను. ఇప్పుడు పూర్తి స్పీడ్‌లో బయటికి రావాల్సింది 8 కిలోవాట్లే, దాన్ని గాలి నిరోధమే మింగేస్తుంది. బాగా తక్కువ స్పీడ్‌లో గాలి నిరోధం దాదాపు ఉండదు, అక్కడ మిగిలే కాస్తంత శక్తి మోటార్ నష్టాల్లో కరిగిపోతుంది. రూపాయి ఖర్చు లేకుండా ట్రిప్‌లు ఆగాయి.

ఇదే జడత్వాన్ని మనకు పనికొచ్చేలా కూడా వాడుకోవచ్చు. పల్లె ఫీడర్ల మీద కరెంటు అరసెకను, సెకను తగ్గి వస్తుంటుంది. అలాంటప్పుడు తిరిగే ఫ్యాన్ నుంచే కొద్దిగా శక్తి తీసుకుని డీసీ బస్‌ను నిలబెట్టుకునే సెట్టింగ్ చాలా డ్రైవ్‌లలో ఉంటుంది. దాన్ని ఆన్ చేశాను. దాంతో పాటు ఫ్లయింగ్ స్టార్ట్ కూడా. ఫ్యాన్ ఇంకా తిరుగుతుండగా డ్రైవ్ మళ్లీ స్టార్ట్ అయితే, సున్నా నుంచి మొదలుపెట్టకుండా ముందు ఫ్యాన్ ఏ స్పీడ్‌లో ఉందో వెతికి అక్కడ పట్టుకుంటుంది. ఐడీ ఫ్యాన్‌కు ఈ సెట్టింగ్ లేకుండా వదిలేయడం నాకు నచ్చదు. చిమ్నీ లాగుడుకు ఆపి ఉన్న ఫ్యాన్ కూడా దానంతట అదే తిరుగుతుంటుంది.

బేరింగ్

రొద చేస్తున్న బేరింగ్ విప్పి, కోసి చూశాం. బాల్స్ తిరిగే దారిలో సమాన దూరాల్లో సన్నని అడ్డ గీతలు. గ్రీజు నల్లబడి ఉంది. గ్రీజు తక్కువైతేనో, అలైన్‌మెంట్ తప్పితేనో ఇలా కనబడదు. ఇది కరెంటు దాటిన గుర్తు.

మామూలు సప్లైలో మూడు ఫేజుల వోల్టేజీలు కలిపితే ఏ క్షణంలోనైనా సున్నా. డ్రైవ్ అవుట్‌పుట్‌లో పల్సులు కలిపితే సున్నా రాదు. ఐజీబీటీలు మారిన ప్రతిసారీ మోటార్ వైండింగ్ మొత్తం భూమితో పోలిస్తే ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. వైండింగ్‌కూ రోటర్‌కూ మధ్య ఉన్న గాలి సందు చిన్న కెపాసిటర్‌లా పనిచేసి ఆ వోల్టేజ్‌లో కొంత షాఫ్ట్ మీదికి తెస్తుంది. షాఫ్ట్‌కు భూమికి దారి బేరింగే. గ్రీజు పొర కొంతవరకు ఆపుతుంది, తర్వాత చీలి చిన్న మెరుపు పుడుతుంది. అలా కోట్లసార్లు జరిగితే లోహం మీద గీతలు పడతాయి. కప్లింగ్ అవతల ఫ్యాన్ షాఫ్ట్‌ను మోసే ప్లమ్మర్ బ్లాక్ బేరింగులు కూడా చూశాం, అవి బాగానే ఉన్నాయి.

ఇక్కడ కారణాలు రెండు కలిశాయి. ప్యానెల్ గదికీ బాయిలర్‌కూ మధ్య కేబుల్ 90 మీటర్లు. దాని ఆర్మర్‌ను (కేబుల్ చుట్టూ ఉండే లోహపు తొడుగు) ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేసి, మోటార్ వైపు గ్లాండ్ (కేబుల్ చివరను బిగించే లోహపు అమరిక) లేకుండా వదిలేశారు. ఎర్తింగ్‌కు ఒక జీఐ (జింక్ పూత ఇనుము) పట్టీ లాగారు. 50 హెర్ట్జ్ ఫాల్ట్ కరెంటుకు ఆ పట్టీ చాలు, కానీ మెగాహెర్ట్జ్ స్థాయి హెచ్చుతగ్గులకు అది దారి కాదు. రెండోది, మోటార్ శబ్దం తగ్గించడానికి డ్రైవ్ స్విచింగ్ ఫ్రీక్వెన్సీని 8 కిలోహెర్ట్జ్‌కు పెంచి ఉంచారు. శబ్దం తగ్గడం నిజమే, కానీ బేరింగ్ మీద సెకనుకు పడే దెబ్బల సంఖ్య కూడా పెరిగింది. బాయిలర్ పక్కన ఉన్న మోటార్ కూత ఎవరికి వినబడుతుంది?

స్విచింగ్‌ను 4కి దించాం. కేబుల్ ఆర్మర్‌కు రెండు వైపులా చుట్టూ పూర్తిగా అంటుకునే గ్లాండ్లు వేసి, మోటార్ బాడీకీ ఫ్యాన్ బేస్‌కూ మధ్య వెడల్పాటి అల్లిన రాగి పట్టీ బిగించాం. షాఫ్ట్‌కు గ్రౌండింగ్ రింగ్ పెట్టాం. ఊక బూడిద దానిలో చేరితే పనికిరాదు కాబట్టి బేరింగ్ కవర్ లోపలి వైపు అమర్చాల్సి వచ్చింది. పెద్ద మోటార్లలో, ముఖ్యంగా 100 కిలోవాట్లు దాటినవాటిలో, షాఫ్ట్ చివరి నుంచి చివరికి తిరిగే కరెంట్లు కూడా ఉంటాయి. వాటికి వెనకవైపు ఇన్సులేటెడ్ బేరింగ్ తప్పదు. ఈ సైజుకు ముందు ఎర్తింగ్ సరిచేయడమే మేలని నా అభిప్రాయం.

పొడవైన కేబుల్ వల్ల ఇంకో సమస్య కూడా ఉంది. నిటారుగా లేచే పల్సులు కేబుల్ చివర తగిలి వెనక్కి మళ్లినప్పుడు, మోటార్ టెర్మినల్ దగ్గర శిఖరం డీసీ బస్‌కు దాదాపు రెట్టింపు, అంటే 1,100 వోల్టులు దాటుతుంది. ఈ మోటార్ ఒకసారి రీవైండ్ అయినది (లోపలి తీగ మళ్లీ చుట్టినది), వాడింది మామూలు వైరు. డ్రైవ్ అవుట్‌పుట్‌లో పల్సులు అంత నిటారుగా లేవకుండా చేసే డీవీ/డీటీ ఫిల్టర్ పెట్టమన్నాను, పెట్టారు. డ్రైవ్‌నే బాయిలర్ పక్కకు మారిస్తే కేబుల్ చిన్నది అవుతుందని యజమాని అన్నారు. మే నెల వేడి, బూడిద, ఆవిరి మధ్య పెట్టడం కన్నా ఫిల్టర్ ఖర్చే చవక. చాలా డ్రైవ్‌ల పూర్తి రేటింగ్ 40 డిగ్రీల వరకే, ఆ తర్వాత లోడ్ తగ్గించుకోవాలి.

బైపాస్, రెండు మీటర్లు

డ్రైవ్ పాడైతే బాయిలర్ ఆగకూడదు. పాత ప్యానెల్‌లో డ్రైవ్ అవుట్‌పుట్‌కూ మోటార్‌కూ మధ్య స్టార్-డెల్టా కాంటాక్టర్లు అలాగే మిగిలి ఉన్నాయి. నడుస్తున్న డ్రైవ్ అవుట్‌పుట్‌లో కాంటాక్టర్ తెరుచుకుని మూసుకుంటే ఐజీబీటీకి ముప్పు. వాటిని తీసేసి, మోటార్ టెర్మినల్ బాక్సులో డెల్టా లింకులు వేశాం. బైపాస్ కోసం ఒక సాఫ్ట్ స్టార్టర్ పెట్టి, రెండు దారులూ ఒకేసారి ఆన్ కాకుండా మెకానికల్ ఇంటర్‌లాక్ ఇచ్చాం. సాఫ్ట్ స్టార్టర్ వోల్టేజ్‌ను మాత్రమే మెల్లగా పెంచుతుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. కాబట్టి బైపాస్‌లో నడిపేటప్పుడు పాత పద్ధతే. డ్యాంపర్ మూసి స్టార్ట్ చేయాలి, గీత గీసిన చోటు దాటి తెరవకూడదు. ఆ గీతను ఆపరేటరే ఎర్ర రంగుతో గీశాడు.

మిల్లు ఎలక్ట్రీషియన్‌కు ఇంకో అనుమానం. డ్రైవ్ డిస్‌ప్లే 45 యాంప్స్ చూపిస్తోంది, ఇన్‌కమింగ్ కేబుల్‌కు క్లాంప్ మీటర్ పెడితే 29. ఏది తప్పు? రెండూ ఒప్పే. మోటార్‌కు కావలసిన అయస్కాంత కరెంటు డీసీ బస్ కెపాసిటర్లకూ మోటార్‌కూ మధ్యే తిరుగుతుంది, సప్లై దాకా రాదు. పైగా అవుట్‌పుట్‌లో వోల్టేజ్ 315, ఇన్‌పుట్‌లో 415. తక్కువ వోల్టేజ్‌లో అదే పవర్ ఇవ్వాలంటే కరెంటు ఎక్కువ కావాలి. అవుట్‌పుట్ వోల్టేజ్‌ను మామూలు మల్టీమీటర్‌తో కొలిచి నమ్మవద్దని, మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టేముందు మోటార్ కేబుళ్లను డ్రైవ్ నుంచి తప్పక విప్పాలని అతనికి చెప్పాను. మెగ్గర్ వోల్టేజ్‌కు ఐజీబీటీలు పోయిన డ్రైవ్‌లు చాలా చోట్ల చూస్తుంటాం.

డ్రైవ్ వచ్చాక మిల్లు పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ వేడెక్కుతోందని కూడా అతనే చూపించాడు. డయోడ్ రెక్టిఫయర్ లాగే కరెంటులో 5వ, 7వ హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు 5, 7 రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న కరెంట్లు) ఉంటాయి, కెపాసిటర్లు వాటిని పిలిచి మరీ తీసుకుంటాయి. డ్రైవ్ ఇన్‌పుట్‌కు వాటిని తగ్గించే కాయిల్, అంటే లైన్ చోక్, పెట్టించాం. కెపాసిటర్లకు డీట్యూన్డ్ రియాక్టర్లు (హార్మోనిక్స్‌ను అడ్డుకునే కాయిళ్లు) వచ్చే సీజన్‌కు ముందు వేస్తారు.

ఎలివేటర్‌కు వద్దన్నాను

ఫ్యాన్ ఫలితం చూసిన యజమాని వడ్లు పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్లకు కూడా డ్రైవ్‌లు పెట్టి స్పీడ్ తగ్గిద్దామన్నారు. ఎలివేటర్‌కు కావలసిన టార్క్ స్పీడ్ మీద ఆధారపడదు. బకెట్లలో ఉన్న వడ్ల బరువును బట్టి ఉంటుంది. స్పీడ్ 76 శాతానికి దించితే పవర్ 76 శాతానికే దిగుతుంది, ఎత్తే వడ్లు కూడా అంతే తగ్గుతాయి. టన్నుకు అయ్యే యూనిట్లలో లాభం లేదు. పైగా పై కప్పీ దగ్గర వడ్లను బయటికి విసిరేది ఆ వేగమే. వేగం తగ్గితే గింజలు బయటికి పోయే నోటిలో పడకుండా ఎలివేటర్ గొట్టంలోంచి కిందికి రాలి, మళ్లీ మళ్లీ ఎత్తాల్సి వస్తుంది. మోటార్ వైపు చూసినా, టార్క్ తగ్గదు కాబట్టి కరెంటు తగ్గదు, వెనకున్న కూలింగ్ ఫ్యాన్ మాత్రం నెమ్మదిస్తుంది. మోటార్ ఎక్కువ వేడెక్కుతుంది.

కింద బూట్‌లో (ఎలివేటర్ అడుగు తొట్టి) వడ్లు నిండిపోయి ఎలివేటర్ లోడ్‌తోనే ఆగి, మళ్లీ స్టార్ట్ కాక ఇబ్బంది పెట్టేది ఒకటుంది. దానికి మాత్రం డ్రైవ్ పెట్టమన్నాను. కారణం ఆదా కాదు, స్టార్టింగ్ టార్క్. దానికి ఫ్యాన్ రేటింగ్ డ్రైవ్ కాకుండా, నిమిషం పాటు 150 శాతం కరెంటు ఇవ్వగల హెవీ డ్యూటీ రేటింగ్‌ది, వెక్టర్ కంట్రోల్‌తో (టార్క్‌ను నేరుగా అదుపు చేసే పద్ధతి), మోటార్ డేటా ఎక్కించి ఆటో ట్యూనింగ్ చేసి నడపాలి. స్పీడ్ ఎప్పుడూ 50 హెర్ట్జే.

ఐడీ ఫ్యాన్‌కు డ్రాఫ్ట్ ట్రాన్స్‌మిటర్ పెట్టి, డ్రైవే దానంతట అది ఫ్రీక్వెన్సీ సర్దుకునేలా చేయాలన్నది తర్వాతి పని. ఊక ఫీడింగ్ ఇంకా చేతితోనే జరుగుతోంది కాబట్టి, ముందు ఫీడర్ స్క్రూ పెట్టి మంట నిలకడగా మండేలా చేశాకే ఆ లూప్ కలుపుతామని యజమానితో ఒప్పందం. అప్పటిదాకా మూడు బటన్లు చాలు.